పైగదిలో టిక్

టిక్.

పైగదిలోంచి మళ్ళీ ఆ చప్పుడు. టైలరు కుట్టుమిషను ఆపి కప్పు వైపు గుర్రుగా చూశాడు.

"మొదలెట్టాడు."

"డ్యూటీకెళ్ళే ముందు ఓ పావుగంటేగా. పోనివ్వండి" అంది భార్య, చొక్కాకి గుండీలు కుడుతూ.

టిక్.

పోనిచ్చే మనిషైతే ఈ కథే లేదు. వేసిన కుట్టు ఊడదీసే అలవాటు టైలరుకి బట్టల్లోనూ లేదు, కోపంలోనూ లేదు. చేతిలో కత్తెరతోనే మెట్లెక్కాడు.

పైగదిలో అద్దెకుండే గార్డు తలుపు తీసే ఉంచాడు. గది మధ్యలో నిలబడి, రెండు చేతులూ చాచి, పిస్తోలు గోడకి గురిపెట్టాడు. గోడ మీద పెన్సిలుతో పెట్టిన చుక్క ఉంది. పిస్తోలు కొస మీద ఒక చొక్కా గుండీ ఉంది.

ట్రిగ్గర్ నొక్కాడు. టిక్. గుండీ కదల్లేదు.

"ఏమయ్యా, ఇది ఇల్లనుకున్నావా, యుద్ధరంగం అనుకున్నావా?"

గార్డు పిస్తోలు దించి గూట్లో పెట్టాడు.

"ఖాళీదేనండి. తీసి చూపించమంటారా?"

"నాకేం చూపించక్కర్లేదు. ఇవాళ ఖాళీది. రేపు మర్చిపోయి బుల్లెట్లున్నది పట్టుకుంటావు. అది నేల చీల్చుకొచ్చి కింద నా భార్య నెత్తిన దిగుతుంది."

"ఎప్పుడూ ఖాళీదేనండి."

"ఖాళీ దాంతో ఈ వేషాలెందుకు మరి?"

"చెయ్యి వణక్కూడదు కదండీ. గుండీ పడకపోతే చెయ్యి కదల్లేదని లెక్క."

"ఎక్కడిది ఆ గుండీ?"

"మీ కొట్లోదేనండి. అక్క ఇచ్చింది."

గుండీ తనదని తెలిసేసరికి టైలరుకి ఒళ్ళు మండిపోయింది.

"నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి."

గార్డు మొహంలో అప్పుడు కనిపించింది భయం.

"లైసెన్సు ఈ అడ్రసు మీదే ఉందండి. గది పోతే లైసెన్సు చెల్లదు. లైసెన్సు లేకపోతే మర్నాటి నుంచే డ్యూటీ ఉండదు. కొంచెం టైమివ్వండి."

"నీ తిప్పలు నువ్వు పడు."

కిందికొచ్చి, అట్టముక్క మీద 'గది ఖాళీ' అని పెద్ద అక్షరాలతో రాసి గేటుకి కట్టాడు. అయినా కడుపుమంట చల్లారలేదు. మర్నాడు పదకొండింటికి గార్డు కాపలా కాసే బంగారం కొట్టుకే బయల్దేరాడు.

గార్డు అద్దం తలుపు తీసి పట్టుకుని, "రండి సార్" అన్నాడు.

టైలరు మొహం తిప్పుకుని నేరుగా మేనేజరు దగ్గరికెళ్ళాడు.

"మీ గార్డుకి పిచ్చి ముదిరింది. ఇంట్లో గోడలకి పిస్తోలు గురిపెడుతున్నాడు. వీణ్ణి ముందు పన్లోంచి తీసెయ్యండి."

మేనేజరు ఏదో అనబోయాడు. ఈలోగా హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు గార్డుని పక్కకి నెట్టి లోపలికొచ్చారు. ఒకడి చేతిలో కత్తి, రెండోవాడి చేతిలో నాటు తుపాకీ.

"ఎవరూ కదలొద్దు."

గార్డు కదిలాడు. ఒక్క ఉదుటున వచ్చి టైలరుకీ తుపాకీకీ మధ్య నిలబడి, రెండు చేతులూ చాచి పిస్తోలు గురిపెట్టాడు.

"వెనక తలుపు తీసే ఉంది సార్. అందర్నీ తీసుకుని వెళ్ళిపోండి."

"కాల్చవయ్యా, చూస్తావేంటి?" అన్నాడు టైలరు.

గార్డు కాల్చలేదు. తుపాకీవాడు ఒక అడుగు ముందుకేశాడు. గార్డు వెనక్కి వెయ్యలేదు. పిస్తోలు వాడి గుండెల మీదే ఉంది. వణికింది వాడి చెయ్యే.

కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒక్కొక్కరే వెనక నుంచి బయటపడ్డారు. టైలరు ఆఖర్న గడప మీద నిలబడి, "కాల్చు" అని ఇంకోసారి అన్నాడు. చివరికి దొంగలే వెనక్కి నడిచారు. తలుపు దాటుతూ తుపాకీవాడు ఒక్కటి పేల్చి పారిపోయాడు.

ఆసుపత్రికి చేరకముందే గార్డు పోయాడు.

నాలుగు రోజులపాటు, కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడికీ టైలరు ఇదే చెప్పాడు.

"గోడ ముందైతే పులే. మనిషి ఎదురైతే వేలు ఆడలేదు. ఒక్కటి పేల్చుంటే వాడూ బతికేవాడు. పిరికి సన్నాసి."

"మీరైతే బతికారుగా" అంది భార్య.

టైలరు మిషను గట్టిగా తొక్కాడు.

ఐదో రోజు పొద్దున ఒక పోలీసాయన గేటుకున్న అట్ట చదువుకుంటూ లోపలికొచ్చాడు. పైగదిలో సామాను రాసుకుని, చొక్కా గుండీని కూడా చీటీ కట్టి సంచిలో వేసి, ఇంటాయన్ని సంతకం పెట్టమన్నాడు.

"పెడతాను గానీ, ఇంకోటి కూడా రాసుకోండి" అన్నాడు టైలరు. "వాడికి కాల్చే దమ్ము లేదు. నా కళ్ళతో చూశాను."

పోలీసాయన పైగది గూట్లో దొరికిన కాగితాల కట్ట బల్ల మీద పెట్టాడు.

"ఏంటివి?"

"సెక్యూరిటీ కంపెనీకి పెట్టుకున్న అర్జీల నకళ్ళు. బుల్లెట్లు ఇప్పించండని మూడేళ్ళుగా నెలనెలా రాశాడు. ఒక్కటీ ఇవ్వలేదట."

టైలరు పైకాగితం తీసి చదివాడు. మళ్ళీ చదివాడు.

"మరి ఆ రోజు..."

పోలీసాయన పెన్ను టైలరు చేతిలో పెట్టాడు.

"ఆ రోజు మీ ముందు నిలబడ్డప్పుడు కూడా అది ఖాళీదేనండి."