తియ్యటి పూత

"నోరు తెరువే! తెరువు!"

సత్యశ్రీ నాలుగేళ్ల కూతురి దవడలు పట్టుకుని అరుస్తోంది. ధనశ్రీ పెదాలూ పళ్లూ ఎర్రగా ఉన్నాయి. గచ్చు మీద మూత ఊడిపోయిన మందు డబ్బా దొర్లి ఉంది. పొద్దున సత్యశ్రీ బిళ్ల వేసుకున్నప్పుడు సగానికి పైగా నిండి ఉన్న డబ్బా. ఇప్పుడు అందులో ఒక్కటీ లేదు.

"తినీసావేటే? ఎన్ని తినీసావు? సెప్పవే!"

తల్లి అలా మీద పడేసరికి పిల్ల బెదిరిపోయి గుక్కపట్టింది.

రక్తం తక్కువగా ఉందని సత్యశ్రీకి రాసిన ఐరన్ బిళ్లలవి. మొదట ఇచ్చినవి పూత లేనివి. నాలుక మీద పెడితే తుప్పు నాకినట్టుండేది, వెంటనే వాంతి వచ్చేది. ఆ బాధ పడలేక తనే మందుల షాపులో అడిగి పూత ఉన్నవి తెచ్చుకుంది. ఎర్రగా, నున్నగా, నోట్లో పెట్టుకుంటే చప్పరించే బిళ్లల్లా తియ్యగా ఉంటాయి.

పిల్లని భుజాన వేసుకుని, ఖాళీ డబ్బా చేతపట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది. పక్కింటి సింహాద్రి గుమ్మం ముందు ఆటో తుడుచుకుంటున్నాడు.

"అన్నయ్యా! పిల్ల మందు బిల్లలు మింగీసింది!"

సింహాద్రి చేతిలో గుడ్డ అక్కడే పారేశాడు. "ఎక్కు సెల్లెమ్మా, బేగి ఎక్కు!"

పెదగంట్యాడ దాటేసరికి పోర్టు ట్రైలర్లు రోడ్డంతా నిండి నిలబడిపోయి ఉన్నాయి. సింహాద్రి హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. బండిని మట్టిలోకి దింపాడు, ట్రైలర్ల సందుల్లో దూర్చాడు. స్టీలుప్లాంటులో డ్యూటీలో ఉన్న భర్తకి సత్యశ్రీ ఫోను చేస్తూనే ఉంది. ఎత్తడం లేదు. ఏడ్చి ఏడ్చి పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి.

"పడుకోకే అమ్మా! నన్ను సూడు! నన్నే సూడు!"

"గాబరా పడకు సెల్లెమ్మా. వచ్చీసాం. నానున్నాను కదేటి," అంటున్నాడు సింహాద్రి.

గాజువాకలో పిల్లల ఆసుపత్రి మెట్లు ఆమె ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. డాక్టరు భీమశంకరరావు డబ్బా అందుకున్నాడు.

"పూత ఉన్నవా, లేనివా?"

"పూతవేనండి. ఎర్రవి."

డాక్టరు ముఖం మారిపోయింది. "పూత లేనివైతే ఆ వెగటుకి పిల్లలు మొదటిదే ఉమ్మేస్తారు. ఇవి తియ్యగా ఉంటాయి కదా, మిఠాయిల్లా తింటూనే ఉంటారు. పెద్దవాళ్లకి బలమేగానీ, ఇంత పిల్ల అన్ని తింటే లోపల పేగులు దెబ్బతింటాయి, లివర్ పోతుంది. పైకి కాసేపు బాగానే కనిపిస్తారు. అందుకే ఎవరూ కనిపెట్టలేరు. వెంటనే తెచ్చి మంచి పని చేశారు."

"నానే అడిగి మార్పించుకున్నానండి. నోటికి బాగోనేదని నానే..." సత్యశ్రీ పిల్లని మరింత దగ్గరికి లాక్కుంది.

పిల్లని ఎక్స్‌రేకి తీసుకెళ్లారు. ఇనుము కాబట్టి బిళ్లలు కడుపులో రాళ్లలా కనబడతాయట. సత్యశ్రీ గోడకి జారబడి కింద కూలబడిపోయింది. కడుపులో ఎన్ని రాళ్లున్నాయో! ఆ తలుపు తెరుచుకోవాలనీ ఉంది, తెరుచుకోకూడదనీ ఉంది. సింహాద్రి మంచినీళ్లు తెచ్చి ఇచ్చి పక్కనే నిలబడ్డాడు.

"బావ వచ్చేదాకా నానిక్కడే ఉంటాను. కదల్ను."

తలుపు తెరుచుకుంది. నర్సు పిల్లని తెచ్చి తల్లి ఒళ్లో కూచోబెట్టింది. డాక్టరు ఫిలిం వెలుగుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఒక్కటీ లేదమ్మా."

"కరిగిపోనాయేటండి?"

"ఇంత తొందరగా కరగవు. రక్తపరీక్ష కూడా చేస్తాను. కానీ ఈ పిల్ల మింగినట్టు లేదు." వంగి, తడిదూదితో ధనశ్రీ పెదాలు తుడిచాడు. "మరి ఈ ఎరుపేంటి తల్లీ?"

ధనశ్రీ సిగ్గుపడి తల్లి కొంగులో ముఖం దాచుకుంది.

"లిప్‌స్టిక్. బిల్ల తడిపి రాసుకున్నాను."

సత్యశ్రీ నవ్విందో ఏడ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. పిల్లని గుండెకి అదుముకుని నుదురూ బుగ్గలూ ఆ ఎర్రటి పెదాలూ ముద్దులతో ముంచెత్తింది. నర్సు కూడా కళ్లు తుడుచుకుంది.

సింహాద్రి గబగబా బయటికెళ్లి రెండు బిస్కెట్ పొట్లాలతో వచ్చాడు. ముఖమంతా నవ్వే. ఒకటి విప్పి ధనశ్రీ చేతిలో పెట్టాడు.

"ఇది నీకు. రెండోది మా పాప శ్రీసత్యకి. ఇద్దరూ పొద్దుట్నించి ఒకటే ఆట కదేటి? నువ్వు తిని, దానికి పెట్టకపోతే ఊరుకుంటాదా!"

ధనశ్రీ బిస్కెట్ నములుతూ తల అడ్డంగా ఊపింది.

"శ్రీసత్యకి వద్దు మావా. తియ్యగున్నాయని బిల్లలన్నీ అదే తినీసి మీ ఇంట్లో పడుకుంది."