చేతి చలవ

అరుణసీమ మళ్ళలో చల్లిన వరి విత్తనం ఒక్కటీ మొలవలేదని మట్టి గీకి చూసిన పల్లంరాజుకు తేలిపోయింది.

అంగారకుడి మీది ఆ వలస, భూమితో తెగతెంపులు చేసుకుని ఈ మధ్యే స్వతంత్ర దేశమైంది. సరుకుల ఓడలు ఆగిపోయాయి. గాజుకప్పు కింది ఈ మళ్ళు పండితేనే అందరి నోట్లోకీ మెతుకు.

తొలి గుప్పెడు చల్లింది పల్లంరాజు వదిన సత్యవతి. ఆమె చేతి చలవ మంచిదని ఏటా ఆమెతోనే చల్లిస్తారు.

"ఈసారి పిన్ని జ్వరంతో చల్లింది కదా! ఇంక చలవెక్కడిది?" అంది పక్కింటి బుల్లెమ్మ. ఎవరూ కాదనలేదు.

సత్యవతి చేతులు కొంగులో దాచుకుంది. "నిజమే రాజూ. పిల్లల కడుపు కొట్టాను. రేపటినుంచి నా వాటా వాళ్ళకే పెట్టండి."

"ఊరుకో వదినా."

"ఎలా ఊరుకోను? స్వతంత్రం నువ్వు తెచ్చావు, నేను తగలబెట్టాను."

విడిపోదామని సభల్లో జనాన్ని ఊపేసి ఓట్లు వేయించింది పల్లంరాజే. నోరు మూసుకుంటే తననెవరూ అడగరు. కానీ ఆ దాచుకున్న చేతుల వైపు చూడలేకపోయాడు.

"నీ చెయ్యి కాదు వదినా," అన్నాడు, అందరికీ వినబడేలా. "ఈ విత్తనం భూమి మీది కంపెనీది. మన పంటలోంచి తీసి దాచిన గింజైనా సరే, ఏటా వాళ్ళు అనుమతి సంకేతం పంపితేనే మొలుస్తుంది. విడిపోతే ఇక పంపేది లేదని ఓటింగుకు ముందే నాకు చెప్పారు. మీకు తెలిస్తే ఓట్లు పడవని దాచాను. ఏదో దారి దొరక్కపోతుందా అనుకున్నాను. ఇవి మొలవవని తెలిసీ, నువ్వు చల్లుతుంటే పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాను."