ఇసుకతిన్నె మీద పందిరి

బావగారూ, మన రత్నకుమారి నాట్యం ఫొటో వారపత్రిక అట్ట మీద వేస్తారటండీ! వచ్చే ఆదివారం పొద్దున్నే గన్నవరం అక్విడెక్టు వంతెన దగ్గర, గోదావరి ఇసుకతిన్నె మీద తీస్తారు. ఈ సంతోషంలో నాకు అన్నం కూడా సయించడం లేదు.

పిల్ల ఎండకి కమిలిపోతుందని నిన్న నేనే గుంజలు పాతించి కొబ్బరాకుల పందిరి వేయించాను. చోటు చూడడానికి వచ్చిన ఫొటోగ్రాఫరు తల పట్టుకున్నాడు.

"ఎండ కోసమేనండీ బాబూ ఇక్కడ తీసేది!"

ఆయ్, అలాగేనండీ అని దగ్గరుండి పీకించేశాను.

తర్వాత అమ్మాయి మెల్లిగా అడిగింది. "నాన్నా, ఎవరెవర్ని పిలిచేవు?"

"మనవాళ్ళనేనమ్మా. రెండు పడవలు కూడా మాట్లాడేను."

"ఇదేమన్నా పెళ్ళా నాన్నా? అంతమంది చూస్తా ఉంటే నాకు అడుగు పడదు. ఎవర్నీ రానివ్వకు. నువ్వూ చూడకు. నేను గజ్జె కడితే చాలు, ఏడుస్తావు. నిన్ను చూస్తే నాకూ ఏడుపొచ్చేస్తాది."

ఏం చెయ్యను బావగారూ? రేవులో నిలబడి, వచ్చినవాళ్ళను వచ్చినట్టు వెనక్కి పంపడమే ఇప్పుడు నా పని. తిన్నె వైపు తల తిప్పనని నాచేత ఒట్టు కూడా వేయించుకుంది.

ఈ కార్డు అందగానే, రావద్దని మీరు కబురు చెయ్యాల్సినవాళ్ళు: వాడపల్లి పెద్దక్క, రాజోలు తమ్ముడు, కొత్తపేట తోడల్లుడు, ద్రాక్షారామం వియ్యంకులు, వాళ్ళ పిల్లలు.

మీరు మాత్రం రండి. రేవులో నాకు ఎదురుగా నిలబడి, పిల్ల ఎలా ఆడుతోందో చూసి నాకు చెబుదురుగాని.