బ్రేకు పరీక్ష

“టికెట్లు చింపేదానివి, నువ్వే లాగు మీట. నీలాంటిది లాగినా ఓడ ఆగుతాదని ఈ సారు కండ్లారా చూడాల. నీ మొగుడు ఆ పొద్దు తాగి నిలబడినాడో లేదో అప్పుడు తెలుస్తాది.”

అందరికీ వినిపించేలా అని, సంజీవయ్య తన కొలంబస్ ఓడ ఊయల ఎక్కాడు. నంద్యాల ఎగ్జిబిషన్ మైదానంలో ఆ ఉదయం ప్రయాణికుడు అతనొక్కడే. అన్నిటికన్నా ఎత్తుకు లేచే కొన సీటు ఎంచుకుని, ఒడి మీదికి కడ్డీ దించుకున్నాడు. కంచె అవతల తనిఖీ అధికారి, పక్క స్టాళ్ల వాళ్లు గుమిగూడారు.

కరుణ వాళ్లకు వీపు తిప్పి మీట ముందు నిలిచింది. ఆళ్లగడ్డ తిరునాలలో ఇదే ఓడ ఆగక ఒక స్త్రీ జారిపడి నడుము విరిగింది. తాగి బ్రేకు వేయలేదన్న నేరం మీద, ఓడ నడిపే కరుణ భర్త ఎడ్విన్ రిమాండులో ఉన్నాడు. బ్రేకు సరిగానే ఉందని అధికారి ఇవాళ రాసి సంతకం పెడితే, అతనికి శిక్ష తప్పదు.

ఓడ ఊపందుకుంది. కొన ఆకాశంలోకి లేచి, ఒక్క విసురున కిందికి దూకి, అవతలి వైపు లేచింది.

“చాల్లే, ఆపు!” అన్నాడు సంజీవయ్య నవ్వుతూ.

కరుణ మోటారు ఆపింది. మోటారు ఆగినా ఓడ తన బరువుతో తాను ఊగుతూనే ఉంటుంది. మీట కిందికి లాగితే, నూనె ఒత్తిడికి సిలిండరు ముందుకొచ్చి, బ్రేకు దిమ్మెను ఓడ అడుగుకు అదిమిపెట్టాలి. అప్పుడే అది నిలుస్తుంది.

ఓడ నిలవలేదు.

“ఏమ్మే, చెవుడా? బ్రేకు లాగు!”

కరుణ రెండు చేతులూ మీట మీద బిగుసుకుని ఉన్నాయి. ఆమె కదలలేదు. సీటు దగ్గరికి దిగినప్పుడు తల ఎత్తి అడిగింది.

“ఎడ్విన్ ఆ పొద్దు తాగినాడా అన్నా?”

“ఇప్పుడా అడిగేది? లాగమంటాండా!”

అతని భుజం మీది తువ్వాలు ఎగిరిపోయి పాప్‌కార్న్ బండి మీద పడింది. “సంజీవన్నా, ఒక టికెట్టుకు ఇన్ని ఊపులా? మాకూ కావాల!” అని బండివాడు కేకేశాడు. జనం నవ్వారు.

సంజీవయ్య ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూస్తుంటే, ఎన్నాళ్లుగానో పస్తున్న ప్రాణానికి మెతుకు తగిలినట్టనిపించింది కరుణకు.

“కరుణమ్మా! నా గుండెకు స్టెంటు ఏసినారు తల్లీ!”

“ఆయమ్మ నడుముకు రాడ్లు ఏసినారు. ఎడ్విన్ తాగినాడా?”

“లేదు! తాగలే! నేనే అట్ల చెప్పించినా!”

నవ్వులు ఆగిపోయాయి.

“మరి ఆ పొద్దు ఓడ ఎందుకు ఆగలే?”

“సిలిండరులో సీలు పోయింది! నూనె కారిపోతాండె. మార్చాలని ఎడ్విన్ శానా మాట్లు మొత్తుకున్నాడు. తిరునాల బేరం పోతాదని నేనే... ట్రాక్టరులోనించి దించిన పాత నల్ల నూనె పోసి నడిపించినా!” ఓడ మళ్లీ పైకి లేచింది. అతని గొంతు చీరుకుపోయింది. “ఈ పొద్దు నిండా పోసినా తల్లీ, ఒక్క ఆటకు పట్టుకుంటాది! నీ కాళ్లు మొక్కుతా, లాగు!”

అధికారి కంచె దాటి పరుగున వచ్చాడు.

“చాలమ్మా! అంతా విన్నాను, విన్నది విన్నట్టే రాస్తాను. నీ పగ తీరింది గదా, ఇంక బ్రేకు వెయ్యి!”

కరుణ చేతులు తీసి పక్కకు జరిగింది. మీట అడుగుదాకా దిగి ఉంది.

“ఆయన మొదటి కేకకే లాగినా సార్.”