మ్విలా వెన్ను

"ఇదిగో, ఈ కింది రెండు పూసలూ చూశారా? నలిగిపోయాయి," అంటూ మ్విలా స్కాన్ ఫిల్మును ఎండకెత్తి పట్టుకున్నాడు. ఇరుగుపొరుగు వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు.

నెత్తిన నీళ్ళ బకెట్‌తో అతని పెళ్ళాం కసుబా వాళ్ళ మధ్య నుంచే ఇంట్లోకి నడిచింది. దారివ్వాలని ఎవరికీ తోచలేదు.

మ్విలా సంతలో మొక్కజొన్న పిండి బస్తాలు రెండేసి భుజానేసుకుని లారీ ఎక్కించేవాడు. మ్విలా అన్న పేరు ఆడవాళ్ళూ పెట్టుకునేదే, అందరూ మాత్రం అతన్ని బుల్డోజర్ అనేవారు. అలా పిలిస్తే మనిషి మురిసిపోయేవాడు. పోయిన కోతలప్పుడు నడుం పట్టేసింది. స్కాన్ తీయించమన్నారు. ఆ ఫిల్ము చేతికొచ్చిన దగ్గర్నుంచి బుల్డోజర్ చాప దిగలేదు. నీళ్ళు, కట్టెలు, చేలో పని అన్నీ కసుబా మీదే పడ్డాయి. సాయంత్రానికి ఆమె వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు.

"ముతాలే అమ్మా, కాస్త నడుం నొక్కి పోవే," అని కూతురి పేరుతో పెళ్ళాన్ని కేకేశాడు మ్విలా.

"పొయ్యి మీద న్షిమా ముద్ద ఉడుకుతోందండీ. మాడుతుంది."

"నా వెన్ను ఇలా అయిందని నేనేడుస్తుంటే, నీ న్షిమా గొడవ నీది!"

కసుబా తిట్టలేదు. తిట్టడానికీ ఓపిక కావాలి. ఆమెకున్నది ఒక్కటే ఆశ. ఇవాళ డాక్టరు మళ్ళీ చూస్తాడు. ఈయన్ని లేచి పని చేసుకోమంటాడు. వానలు పడేలోపు చేను తవ్వకపోతే వచ్చే ఏడు తిండి లేదు. తవ్వడం ఇక ఆమె వల్ల కాదు.

డాక్టరు ఫిల్మును లైటు పలక మీద పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎముకల మధ్య ఉండే మెత్తలు అరిగిపోయాయి. ఇదిగో, ఇక్కడ నరాన్ని నొక్కుతోంది. ఎడమ కాలు తిమ్మిరెక్కాలే?"

"అబ్బే, లేదండీ," అన్నాడు మ్విలా.

కసుబా కుర్చీ కింద ఎడమ కాలు వెనక్కి లాక్కుంది.

"ఏదీ, వంగు."

మ్విలా వంగాడు. వేళ్ళు చెప్పులకు తగిలాయి. డాక్టరు ఫిల్మునూ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"విచిత్రంగా ఉందే! ఒక్కోసారి ఫిల్ము చెప్పేదొకటి, ఒళ్ళు చెప్పేదొకటి. ఫిల్ము చూసి బెదిరిపోవాల్సిన పని లేదు. ఊరికే పడుకోకు. రోజూ నడువు."

కసుబాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే పార పట్టొచ్చాండీ?"

డాక్టరు మళ్ళీ ఫిల్ము వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. "ఈ వెన్నుతోనా? అమ్మో! నడవమన్నాను గానీ తవ్వమనలేదు. కొన్నాళ్ళు బకెట్ నీళ్ళు కూడా ఎత్తకూడదు. ఇలాంటి మనిషిని ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలమ్మా."

కసుబా ఏదో చెప్పబోయి, మొగుడి మొహం చూసి ఆగిపోయింది. మ్విలా నేల చూపులు చూస్తున్నాడు.

"అలాగేనండీ," అంది.

దారిలో సంత దగ్గర ఆగి పిండి బస్తా కొన్నారు.

"నేను మోయనా?" అన్నాడు మ్విలా, చేతులు వెనక్కి కట్టుకునే.

"వద్దులెండి. డాక్టరు చెప్పింది విన్నారుగా."

గొంతుక్కూర్చుని బస్తా నెత్తికెత్తించుకుంది. ఎడమ మోకాలి మీద చెయ్యి ఆనించి, పళ్ళ బిగువున లేచింది. మ్విలా ఫిల్ము కవరు చంకలో పెట్టుకుని వెనకే నడిచాడు.

స్కాన్ రోజున సొరంగంలాంటి ఆ యంత్రాన్ని చూసి బుల్డోజర్ గోడ దూకి పారిపోతే, నలుగురిలో అతని పరువు పోకూడదని, "మ్విలా ఎవరు?" అని పిలవగానే లేచి వెళ్ళి అందులో పడుకున్నది కసుబాయే.