తెల్లబడని లైటు

"ఇంకా ఎర్రగానే ఉండాది కదప్పా! పొద్దున్నించి ఏమి పీకితివి?"

రాజ్‌మోహన్ తల పైకెత్తి అరిచాడు. షెడ్డు దూలానికి వైఫై పెట్టె బిగించి ఉంది. దాని మధ్యలో కందిగింజంత లైటు. తెల్లగా వెలగాల్సింది ఎర్రగా వెలుగుతోంది.

పోదనూరు దారిలో ఉన్న ఆ పంపుసెట్ల ఫ్యాక్టరీ అతని తండ్రి రంగరాజన్‌ది. ఆయన మోకాళ్ళ నొప్పులతో ఆర్.ఎస్. పురం ఇంట్లో కూర్చుండిపోతే, ఆర్నెల్లుగా పెత్తనం కొడుకు చేతికొచ్చింది. యజమాని కాబట్టి పనివాళ్ళకు పెద్దాయన మొదలాళి, ఇతను చిన్న మొదలాళి. పెత్తనం అందిన మొదటి రోజే రాజ్‌మోహన్‌కి ఒక సంగతి తేలిపోయింది. ఈ ఫ్యాక్టరీలో బుర్ర ఉన్నవాడు తనొక్కడే.

ఎలక్ట్రీషియన్ శంకరన్‌కి అది బొత్తిగా లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసట. భుజాన తువ్వాలు, చెవి మీద పెన్సిలు, జేబులో టెస్టరు. మోటార్లకు తీగ చుట్టుకునే మొహానికి వైఫై గురించి ఏం తెలుస్తుంది?

"చిన్న మొదలాళీ, కరెంటు కరెక్టా వస్తా ఉండాది. మూడు తూర్లు మీటరు పెట్టి చూస్తిని. ఆ లైటు మీద..."

"సుమ్మా ఉండు! లైటు గురించి నువ్వు నాకు చెప్పేదా?"

రాజ్‌మోహన్ ఫోన్లో ఆ పెట్టె తాలూకు పుస్తకం తెరిచి, ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చదివి వినిపించాడు. తెలుపైతే క్షేమం. ఎరుపైతే కరెంటు చాలడం లేదు. కరెంటూ నెట్టూ రెండూ ఒకే వైర్లో పైకి వెళ్తాయి కాబట్టి తప్పు కిందే ఉంటుంది.

"కింద ఉండేదంతా మార్చు. పైన పెట్టె మీద మాత్రం చెయ్యి పెట్టొద్దు. నీ చెయ్యి తగిలితే ఉండేదీ పోతాది."

శంకరన్ అడాప్టరు మార్చాడు. ఎరుపు. స్విచ్చి మార్చాడు. ఎరుపు. స్విచ్చికీ అడాప్టరుకీ మధ్య వైరు మార్చాడు. యూపీఎస్ నుంచి నేరుగా కరెంటు ఇచ్చాడు. దేనికీ చలనం లేదు.

ఆఫీసు గదిలోంచి దర్శిని తొంగి చూసింది. ఆర్డర్లు చూసే అమ్మాయి.

"సార్, నెట్టు బాగానే వస్తా ఉండాదే. మెయిల్సంతా పోతా ఉండాయి."

"ఎర్రగా ఉంటే రాదమ్మా."

"వస్తా ఉండాది సార్..."

"రాదు! పుస్తకంలో రాసి ఉండాది."

దర్శిని తల లోపలికి లాక్కుంది. రాజ్‌మోహన్ తన ఫోన్లో వైఫైని మూడు రోజుల కిందటే ఆపేశాడు. పనిచెయ్యని దాన్ని తెలివున్నవాడెవడైనా వాడతాడా?

అతనికి ఈ షెడ్డును చూస్తేనే ఒళ్ళు మండుతుంది. లేతులు, డ్రిల్లులు, ఆఖరికి తూకం మిషను కూడా ఎండిపోయిన గంధం కుంకుమ బొట్లతో నిలబడ్డాయి. శుక్రవారం ఆయుధ పూజ జరిగింది మరి. గుమ్మడికాయలు, బొరుగులు, కర్పూరం పొగ! బొట్టు పెడితే మిషను మురిసిపోయి రెండు పంపులు ఎక్కువ చేస్తుందా? మొదలాళి చేతి బొట్టు పడి తీరాలని తండ్రి ఫోన్లో పోరితే, ఒకే ఒక్కటి పెట్టి, చెయ్యి కడుక్కుని కారెక్కాడు. పైగా మొదలాళి పెట్టిన బొట్టు దానంతటది రాలేదాకా పనివాడెవడూ తుడవకూడదట. ఎంత గొప్ప చట్టమో!

మధ్యాహ్నం దాటింది. మర్నాడు కొత్త కస్టమర్లు ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తున్నారు. లోపలికి అడుగుపెట్టగానే వాళ్ళ కంట పడేది ఆ ఎర్ర లైటే.

"ఐదు గంటల దాకా చూస్తాను శంకరన్. తెల్లబడలేదా, తాళాలు ఇచ్చి పోతా ఉండు. కాంట్రాక్టు వాళ్ళతో మాట్లాడి పెట్టినాను."

శంకరన్ ముఖం వాడిపోయింది. "యాడికి పోయేది మొదలాళీ? పని పోతే ఫ్యాక్టరీ ఇచ్చిన లైను ఇల్లూ ఇడవాల కదా. నా పెండ్లాం వళ్ళియమ్మాళ్‌కి నేనేమి చెప్పేది? ఒక్క మాట వినండి, ఆ పెట్టెకి..."

"పెట్టె మాటెత్తితే ఇప్పుడే పంపిస్తాను!"

శంకరన్ మళ్ళీ అడాప్టరు దగ్గర కూర్చుని, విప్పిందే విప్పి, బిగించిందే బిగించాడు.

ఐదింటికి పని ముగిసే సంగు, ఫ్యాక్టరీ సైరను, మోగింది. లైటు ఎర్రగానే ఉంది.

పనివాళ్ళందరూ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉండగా రాజ్‌మోహన్ చెయ్యి చాపాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళు ఏమి నేర్చుకుంటివిరా? ఒక్క లైటు తెల్లగా చెయ్యలేకపోతివి. తాళాలు!"

శంకరన్ మొలతాడుకున్న తాళాల గుత్తి విప్పి ఆ చేతిలో పెట్టాడు. జేబులోని టెస్టరు కూడా తీసి పెట్టాడు. అది ఫ్యాక్టరీదే.

"ఇంక నేను ఇక్కడ పనివాణ్ణి కాదు కదా, చిన్న మొదలాళీ?"

"కాదు, కాదు! ఎన్ని తూర్లు చెప్పేది?"

"అది చాలు."

శంకరన్ కుళాయి దగ్గరికి వెళ్ళి తువ్వాలు కొస తడిపాడు. నిచ్చెన తెచ్చి దూలానికి వేశాడు. "ఏయ్, చెయ్యి పెట్టొద్దంటినే!" అని రాజ్‌మోహన్ కింద నుంచి అరుస్తూనే ఉన్నాడు. శంకరన్ తాపీగా ఎక్కి, పెట్టెను ఒక్కసారి తుడిచాడు.

లైటు పాలలా తెల్లగా వెలిగింది.

శంకరన్ దిగి వచ్చి, తువ్వాలు కొసను చిన్న మొదలాళి కళ్ళ ముందు పరిచాడు.

"పూజ నాడు నేను నిచ్చెన పట్టుకుంటే మీరెక్కి పెట్టిన కుంకుమ కదా ఇది, మీ కూలి తినేవాణ్ణి నేనెట్ల తుడిచేది?"