రెండు చెక్కల పందెం

"ముట్టుకోవడం లేదుగా?" అంది అత్త, రెండు కొట్టాల మధ్యగోడ మీంచి మెడ సాచి.

"కొత్త రుచి కదా అత్తయ్యా. అలవాటవుతుంది," అంది కోడలు.

గొర్రెపిల్లలు మాత్రం అలవాటు పడే ఉద్దేశంలో లేవు. నూనె తీయగా మిగిలిన సోయా చెక్క కలిపిన దాణాని ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంటున్నాయి. ఒకటైతే తొట్టిలో కాలు పెట్టి నిలబడింది. గోడకి ఇవతల అత్త పిల్లలేమో పల్లీ చెక్క దాణాని ఎగబడి తింటున్నాయి. అత్తకి కడుపు నిండిపోయింది.

పాలు మరిచిన గొర్రెపిల్లల్ని కొనుక్కొచ్చి, కొట్టాల్లో ఉంచి, బాగా మేపి అమ్మడం ఆ ఇంటి వ్యాపారం. మేతలో ఏ చెక్క కలపాలన్నది ఇన్నాళ్ళూ అత్త మాటే. కోడలు వచ్చాక మొదటిసారి ఎదురుమాట వినపడింది.

"సోయాలో మాంసకృత్తులు బాగుంటాయి అత్తయ్యా. పిల్లలకి తొందరగా కండ పడుతుంది. పల్లీ చెక్క వానాకాలంలో బూజు పడుతోంది కూడా."

"నీ మొగుడు పుట్టకముందు నుంచీ గొర్రెల్ని మేపుతున్నాను. నా పల్లీ చెక్క తిని ఏ గొర్రె బక్కచిక్కిందో చెప్పు."

మాట మీద మాట పెరిగి పందెంలోకి దిగింది. ఈ విడత పిల్లల్ని చెరిసగం పంచుకున్నారు. ఎవరి దాణా వాళ్ళే కలుపుకోవాలి, ఒకరి కొట్టంలోకి ఒకరు అడుగు పెట్టకూడదు. అమ్మే రోజున ఎవరి పిల్లలు ఎక్కువ తూగితే దాణా గది తాళంచెవి వాళ్ళది. తూకం వేసే పని కొడుక్కి పడింది.

"మీ రెండు చెక్కల మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కని," అన్నాడతను. ఆ మాటకి ఇద్దరూ నవ్వలేదు.

కొద్దిరోజుల తర్వాత అత్త మళ్ళీ గోడ మీంచి తొంగి చూసి ఉలిక్కిపడింది. కోడలి గొర్రెపిల్లలు తలలన్నీ తొట్టిలో దూర్చేశాయి. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తింటున్నాయి.

"ఏం మంత్రం వేశావమ్మా?"

"ఏం లేదత్తయ్యా. అలవాటు పడ్డాయి," అంది కోడలు, తల వంచుకుని బకెట్ కడుక్కుంటూ.

ఆ పూట అత్తకి కాలూ చెయ్యీ ఆడలేదు. ఆ తాళంచెవి తన అత్తగారు పిలిచి మరీ చేతికిచ్చింది. అది నడుముకి ఉన్నంతకాలమే ఇంట్లో తన మాటకి విలువ అని ఆవిడ నమ్మకం. అది పోతే కాఫీకి కూడా ఎవరూ పిలవరేమోనని భయం పట్టుకుంది.

మర్నాడు ఎండా వానా లేకపోయినా గొడుగు అడ్డం పెట్టుకుని దాణా కొట్టుకి వెళ్ళింది.

"సోయా చెక్క కావాలి. మా ఇంట్లో తెలియకూడదు. నీ నోట్లో నువ్వుగింజ నానదంటారు."

"చెక్కలమ్మేవాణ్ణి, నువ్వులతో నాకేం పనమ్మా?" అన్నాడు కొట్టతను. "ఎవరేం కొన్నారో ఇంకొకరికి చెబితే నా బేరం సాగుతుందా?" అని, అవసరం కన్నా కాస్త ఎక్కువే నవ్వి, బస్తా ఆటోలో వేయించాడు.

అత్త ఆ సోయాని ఖాళీ పల్లీ చెక్క సంచిలోకి ఒంపింది. గుప్పెడుతో మొదలుపెట్టి రోజురోజుకీ పెంచుతూ, పల్లీ తగ్గిస్తూ వచ్చింది. గొర్రెపిల్లలకి కూడా తెలియనివ్వలేదు. ఇన్నేళ్ళ అనుభవం ఎక్కడికి పోతుంది?

తూకం రోజు వచ్చింది. కొడుకు కాటా దగ్గర చెమటలు కక్కి, పెళ్ళాం వైపు చూడకుండా, "అమ్మ పిల్లలే ఎక్కువ తూగాయి," అని గొణిగాడు.

"మీ చెక్కే గొప్పది అత్తయ్యా," అంది కోడలు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే అత్తకి గుచ్చుకుంది. పక్కింటివాళ్ళు వచ్చి మెచ్చుకుంటుంటే దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుంది. ఈ పిల్ల తనని ఏనాడూ ఒక్క పుల్లవిరుపు మాట అనలేదు, దాని నోటి దగ్గర కూడు లాగేసుకున్నట్టు అయిందని సిగ్గుపడింది.

కోడలు తొట్లు కడుగుతుంటే వెళ్ళి, నడుమునున్న తాళంచెవి తీసి చేతిలో పెట్టింది.

"ఇదేంటత్తయ్యా? గెలిచింది మీరు కదా."

"గెలిచింది నీ సోయా. నీ దాణాని అవి అలా ఎగబడి తింటుంటే చూడలేక నేనూ అదే తెచ్చి వేశాను. సంచి మాత్రం పల్లీది."

కోడలి చేతిలోంచి చీపురు జారిపోయింది. "మీరు సోయా వేశారా?"

"వేశాను. తప్పు ఒప్పేసుకున్నాను కాబట్టి ఇవాళ రాత్రి నిద్ర పడుతుంది. ఒక్కటే బుర్రకెక్కడం లేదు. రెండు కొట్టాలకీ సోయానే కదా, మరి నీ పిల్లలు ఎందుకు వెనకబడ్డాయి?"

కోడలు తొట్టి అంచు మీద కూలబడింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి తాళంచెవిని అత్త గుప్పిట్లోనే పెట్టి, తన చెయ్యి తియ్యకుండా అంది:

"నేను వేసింది మీ పల్లీ చెక్కే అత్తయ్యా."